తాడుకి కట్టిన రెండు తాళాలు: సూరి భగవంతం గారి కథ

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాసివ్వమని మన సంఘం కార్యదర్శి గారు మూడుసార్లు ఫోను చేశారు. గోడ దూకి సినిమాకి పోవటాలూ, జామచెట్లూ, మేష్టార్ల బెత్తాలూ ఎలాగూ మిగతా మిత్రులు రాస్తారు. నేను ఒక పెద్దాయన గురించి రాస్తానన్నాను. ఆయన మన బడిలో చదవలేదు, మన ఏలూరు వారూ కాదు. కానీ ఆయన పేరు నేను మొదటిసారి విన్నది మన బడి సైన్సు గదిలోనే, రెండు తాళంకప్పల పక్కన నిలబడి.

అది 1966. మా సైన్సు మేష్టారి పేరు నేను రాయకపోయినా మా బ్యాచి వాళ్ళకి తెలిసిపోతుంది. సుద్దముక్క చెవి మీద పెట్టుకుని గదంతా వెతుక్కునే ఆయన. ఆ రోజు ఉత్తరం వైపు కిటికీకి అటొక మేకూ ఇటొక మేకూ కొట్టి, వాటి మధ్య తాడు కాస్త వదులుగా కట్టారు. దానికి ఒక జానెడు ఎడంలో రెండు తాళాలు వేలాడదీశారు. ఒకే బరువు, ఒకే పొడవు పురికొస. ఒక తాళాన్ని మా వైపుకి లాగి వదిలారు. రెండోదాన్ని ముట్టుకోలేదు.

మొదటిది ఊగుతోంది. కాసేపటికి రెండోది కదలటం మొదలుపెట్టింది. అది పెరిగింది, మొదటిది తగ్గింది. చివరికి మేము లాగి వదిలిన తాళం పూర్తిగా ఆగిపోయింది, ముట్టుకోని తాళం ఊగిపోతోంది. మళ్ళీ కాసేపటికి తిరకాసు. ఊపు ఇక్కడినుంచి అక్కడికి, అక్కడినుంచి ఇక్కడికి పోతూ వస్తూ ఉంది. వెనక బెంచీలో ఎవరో దెయ్యమన్నారు. మేష్టారు నవ్వి, ఈసారి రెండు తాళాల్నీ ఒకేవైపు ఒకేసారి వదిలారు. రెండూ జతగా ఊగాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఏమీ పోలేదు. తర్వాత ఒకదాన్ని ఇటూ ఒకదాన్ని అటూ లాగి వదిలారు. ఒకటి వస్తే ఒకటి పోతోంది, అప్పుడూ ఏమీ మారలేదు. కాకపోతే ఈ ఎదురెదురు ఊపూ మొదటి జంట ఊపూ ఒక్క వేగంతో లేవు, చిన్న తేడా ఉంది.

తాడుతో కలిపిన రెండు తాళాలకి స్థిరంగా నిలిచే ఊపులు ఈ రెండే, మీరు ఎంత గందరగోళంగా ఊపినా అది ఈ రెంటి మిశ్రమమే అని ఆయన చెప్పారు. మేము చూసిన దెయ్యం ఏమిటంటే, కొంచెం తేడా వేగాలున్న ఆ రెండు ఊపులు ఒకసారి కలిసి, ఒకసారి విడిపోవటం. ఆ తర్వాత, ఇదే లెక్కని కోటానుకోట్ల పరమాణువులున్న స్ఫటికాలకి వేసిన ఆయన మన పక్కనే ఆగిరిపల్లిలో పుట్టారనీ, ఇప్పుడు ఢిల్లీలో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నారనీ అన్నారు. పాకిస్తాన్ యుద్ధం జరిగి అప్పటికి ఏడాది. తాళాల కన్నా ఆ రెండో మాటే మాకు గొప్పగా తోచింది. తాళాల సంగతి నాకు తలకెక్కటానికి ఇంకో ఏడేళ్ళు పట్టింది.

సూరి భగవంతం గారు 1909 అక్టోబరు 14న పుట్టారు. ఏలూరు నుంచి హనుమాన్ జంక్షన్, నూజివీడు మీదుగా వెళితే ఆగిరిపల్లి. శోభనాచలం కొండ, దాని చుట్టూ మామిడితోటలు. అప్పుడది కృష్ణా జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది కనుక, ఆయన మనవాడనటానికి ఇప్పుడు మనకి కాగితం మీద కూడా హక్కు దొరికింది. బడి చదువు గుడివాడలో, అంటే కొల్లేటికి నైరుతిగా. కాబట్టి ఆయన బాల్యం మన నీళ్ళకి చాలా దూరమేమీ కాదు. అక్కడినుంచి హైదరాబాదు నిజాం కాలేజీలో బి.ఎస్సీ. ఆ రోజుల్లో నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ తన కొత్త సంగతి బయటపెట్టారు. ఆ ఏడాదే పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ భగవంతం గారు చేతిలో ఒట్టి బి.ఎస్సీ.తో కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర చేరారు. మన ఊళ్ళల్లో బి.ఎస్సీ. పాసైన కుర్రాడు ఆ కాలంలో కలెక్టరాఫీసు వైపు చూసేవాడు. ఈయన బౌబజారు వీధిలోని ఆ ప్రయోగశాల వైపు చూశారు. రామన్ అన్నా అప్పటికి నలభయ్యేళ్ళ మనిషే. ఆయన చిన్నప్పుడు చదివింది విశాఖపట్నంలో. తెలుగుగాలి పీల్చిన వాడే.

రామన్ కనిపెట్టిందేమిటో రెండు మాటల్లో చెప్పాలి, లేకపోతే ముందుకి పోలేం. ఒకే రంగు కాంతిని ఒక ద్రవంలోకి పంపితే, పక్కకి చెదిరిన కాంతిలో అసలు రంగుతో పాటు సన్నగా వేరే రంగుల గీతలు కూడా ఉంటాయి. అణువు లోపల పరమాణువులు స్ప్రింగులతో కట్టినట్టుగా ఊగుతూ ఉంటాయి. కాంతి తాకినప్పుడు ఆ ఊపుకి కొంత శక్తి ఇస్తుంది, లేదా దాన్నుంచి కొంత పుచ్చుకుంటుంది. ఆ ఇచ్చిపుచ్చుకున్నంత మేరకే రంగు మారుతుంది. అంటే రంగు ఎంత మారిందో కొలిస్తే, కంటికి కనపడని పరమాణువులు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతున్నాయో తెలిసిపోతుంది. తాళాల్ని చూడకుండా కిటికీ అవతల నిలబడి వాటి ఊపులు లెక్కపెట్టటం లాంటిది.

కలకత్తాలో ఆయన వజ్రం మీద పనిచేశారు. వజ్రం రామన్ పటంలో బలమైన గీత ఒకే ఒక్కటి. శాస్త్రజ్ఞుల కొలమానంలో 1332 దగ్గర. ఆ రోజుల్లో దాన్ని చూసినవాళ్ళు ఈయన ఒక్కరే కాదు, ఇక్కడా ఇంగ్లండులోనూ ఇంకొందరు చూశారు. ఇంత గట్టి రాయిలో ఒక్క గీతేమిటి? వజ్రంలో కర్బన పరమాణువులు రెండు దళాలుగా, ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. రెండు దళాలూ జతగా ఒకేవైపు కదిలితే అది ఊపు కాదు, వజ్రం మొత్తం జరగటం. ఇక మిగిలింది ఎదురెదురు ఊపు. అదే ఆ గీత. సెకనుకి సుమారు 40 లక్షల కోట్ల సార్లు. మా కిటికీ దగ్గర మేష్టారు అటొకటి ఇటొకటి లాగి వదిలిన ఊపే వజ్రం లోపలా ఉంది. ఈ మాట నాకు ఆ గదిలో ఎవరైనా చెప్పి ఉంటే, బహుశా నా దారే వేరుగా ఉండేది. పోనీండి.

1931లో రామన్, భగవంతం కలిసి కాంతికణానికి స్వతహాగా ఒక భ్రమణం ఉందని ప్రయోగంతో చూపే వ్యాసం వేశారు. అప్పటికి ఈయనకి ఇంకా ఇరవై రెండు. మరుసటి ఏడాది, అంటే 1932లో, వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. విశ్వవిద్యాలయం పుట్టి అప్పటికి ఆరేళ్ళు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వైస్ ఛాన్సలరు. భవనాలు లేస్తున్నాయి, పరికరాలు రావాలి. ఇరవై ఎనిమిదేళ్ళకే ఈయన ప్రొఫెసరు అయ్యారు. తర్వాత కాలేజీ ప్రిన్సిపాలు కూడా.

నా దృష్టిలో ఆయన జీవితంలో అసలు భాగం ఈ వాల్తేరు రోజులే. కలకత్తాలో గురువు నీడ ఉంది. తర్వాతి రోజుల్లో కుర్చీల బరువు ఉంది. మధ్యలో ఈ పదహారు, పదిహేడేళ్ళు ఆయన సొంతం.

అప్పటికి యూరప్‌లో ఒక కొత్త పద్ధతి వచ్చింది. హంగరీ దేశస్థుడు విగ్నర్ 1930లో, ఒక అణువు ఊపుల్ని దాని ఆకారంలోని సౌష్ఠవాన్ని బట్టే విడగొట్టవచ్చని చూపాడు. దానికి వాడిన గణితం గ్రూప్ థియరీ. అక్కడి పెద్ద పెద్ద భౌతికశాస్త్రజ్ఞులే ఇదేదో గణితం వాళ్ళు అంటించిన తెగులని విసుక్కునేవారు. వాల్తేరులో భగవంతం గారు విసుక్కోలేదు. అక్కడే ఉన్న గణితశాస్త్రజ్ఞుడు టి. వెంకటరాయుడు గారితో కలిసి కూర్చున్నారు. స్ఫటికాల మీద ఈ పద్ధతిని ఎలా నడపాలో ఇద్దరూ కలిసి 1939లో వ్యాసం వేశారు. దానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. కాగితం, పెన్సిలు, ఓపిక చాలు. యంత్రాలు తక్కువగా ఉన్న చోట ఈ పని పుట్టటంలో నాకేమీ ఆశ్చర్యం లేదు.

గణితం భయం ఉన్న మిత్రులకి, మా తాళాలతోనే చెబుతాను. రెండు తాళాలూ ఒకేలా ఉన్నాయి కదా. మీరు కళ్ళు మూసుకోగానే నేను వాటిని అటుదిటు ఇటుదటు మార్చేస్తే మీకు తెలియదు. అదే సౌష్ఠవం అంటే. ఇప్పుడు ఊపుల్ని చూడండి. జంట ఊపులో తాళాలు మార్చేస్తే ఊపు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఎదురెదురు ఊపులో మారిస్తే ఊపు సరిగ్గా తిరగబడుతుంది. ఇంకో రకం ఉండటానికి వీల్లేదు. తాళం బరువెంతో, తాడు బిగువెంతో తెలియకుండానే, ఎన్ని రకాల ఊపులుంటాయో, ఒక్కో రకం స్వభావమేమిటో చెప్పేశాం. ఎంత వేగంతో ఊగుతాయన్నది మాత్రం బరువూ బిగువూ తెలిస్తేనే వస్తుంది.

స్ఫటికానికి వస్తే, మన ఏలూరు తివాచీని తలుచుకోండి. ఎంత పెద్ద తివాచీ అయినా ఒక పువ్వు, దాని చుట్టూ లత, అదే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆ ఒక్క తునక తెలిస్తే తివాచీ అంతా తెలిసినట్టే. స్ఫటికంలోనూ అలాంటి తునక ఉంటుంది, దాన్ని యూనిట్ సెల్ అంటారు. తునకలో పది పరమాణువులుంటే, ఒక్కోటి మూడు దిక్కుల్లో కదలగలదు కనుక, ముప్పై ఊపులు. మరి స్ఫటికంలో తునకలు కోటానుకోట్లు ఉన్నాయే, ఒక తునక ఊపు పక్క తునక ఊపుతో అడుగు కలపాలని ఏముంది? ఇక్కడే కాంతి సాయం చేస్తుంది. కాంతి తరంగం పొడవు ఒక తునక కన్నా దాదాపు వెయ్యి రెట్లు పెద్దది. ఇరుగుపొరుగు తునకలన్నింటికీ అది ఒకే తోపు తోస్తుంది. అన్ని తునకలూ అడుగు కలిపి ఊగితేనే చెదిరిన కాంతి కూడి గీతగా కనిపిస్తుంది. అడుగు తప్పితే ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. పక్క ఊళ్ళో కోలాటం ఆడుతుంటే రాత్రిపూట మనకి ఏం వినపడుతుంది? కర్రలన్నీ ఒకేసారి తగిలిన దెబ్బే వినపడుతుంది. తలా ఒకప్పుడు కొట్టినది గాలిలో కలిసిపోతుంది. భగవంతం, వెంకటరాయుడు గార్ల పద్ధతి లెక్కపెట్టేది సరిగ్గా ఈ అడుగు కలిపిన ఊపుల్ని.

ఒక్క ఉదాహరణ ఇచ్చి వదిలేస్తాను. కాల్సైట్ అనే స్ఫటికం ఉంది. మనవైపు గుల్లలు కాల్చి సున్నం చేసేవాళ్ళే, ఆ గుల్లలో ఉన్నదీ ఇందులో ఉన్నదీ ఒకటే కాల్షియం కార్బొనేటు. దీని తునకలో పరమాణువులు 10, ఊపులు 30. అందులో 3 స్ఫటికం మొత్తంగా జరగటమే, వాటిని తీసేస్తే 27. సౌష్ఠవం వేసి జల్లెడ పడితే వీటిలో కొన్ని జంటలుగా ఒకే వేగంతో ఊగాలి, చాలా ఊపులు రామన్ కాంతికి అసలు కనపడకూడదు. చివరికి రామన్ పటంలో కనపడాల్సిన గీతలు 5 అని లెక్క తేలుతుంది. పటం తీసి చూస్తే అయిదే ఉంటాయి. అన్నిట్లోకీ బలమైనది 1086 దగ్గర. కర్బనం చుట్టూ ఉన్న మూడు ఆక్సిజన్లూ ఒకేసారి బయటికీ లోపలికీ ఊపిరి తీసినట్టు ఊగే గీత అది. నేను మొదటిసారి ఈ లెక్క సొంతంగా చేసి అయిదు వచ్చినప్పుడు హాస్టల్లో రాత్రి రెండయింది. లేచి వరండాలో అటూ ఇటూ తిరిగాను. అలాంటి రాత్రి నా జీవితంలో మళ్ళీ రాలేదు.

ఈ పద్ధతిని ఆయన ఊపులతో ఆపలేదు. స్ఫటికాన్ని నొక్కితే దానిలో కాంతి నడక ఎలా మారుతుందో లెక్కకట్టటానికి జర్మనీ శాస్త్రజ్ఞుడు పోకెల్స్ కాలం నుంచి ఒక పట్టిక చలామణిలో ఉంది. 1942లో భగవంతం గారు దాన్ని సౌష్ఠవం కళ్ళతో మళ్ళీ చూసి, అందులో తప్పుందని తేల్చారు. ఘనాకార స్ఫటికాలన్నింటికీ మూడు సంఖ్యలు చాలని పోకెల్స్ అన్నచోట, వాటిలో రెండు తరగతులకి నాలుగు కావాలి. అన్నేళ్ళు ఆ పట్టికని అందరూ వాడుకున్నారు. ఎవరూ తిరగేసి లెక్కపెట్టలేదు.

అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలింది. సామాన్లు మూటలు కట్టి రైలెక్కించిన పరిశోధనశాల ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయినా పని ఆగలేదు. స్ఫటికం ముక్కలోకి చెవికి వినపడనంత సన్నని ధ్వని తరంగాలు పంపి, వాటి వేగాన్ని బట్టి రాయి బిగువు కొలిచే పద్ధతిని ఆయనా శిష్యులూ నడిపారు. జె. భీమసేనాచార్ గారితో కలిసి వజ్రం బిగువు కొలిచి 1944లో ఇంగ్లండు నేచర్ పత్రికలో ప్రకటించారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల వజ్రాలు లోకమంతా కిరీటాల్లోకి పోయాయి. అదే కృష్ణా జిల్లాలో పుట్టినాయన వజ్రాన్ని ఎంత ధర అని కాక ఎంత గట్టి అని అడిగారు. నిజం చెప్పాలంటే ఆ అంకెలు నిలవలేదు. 1957లో అమెరికాలో మెరుగైన పరికరాలతో కొలిస్తే తేడాలు బయటపడ్డాయి. అందులో చిన్నతనమేమీ లేదు. ముందు కొలిచినవాడు ఉంటేనే తర్వాత సరిదిద్దేవాడు ఉంటాడు.

ఆ దశకంలోనే రామన్‌కీ, ఎడిన్‌బరోలో ఉన్న మాక్స్ బోర్న్‌కీ స్ఫటికాల ఊపుల మీద పెద్ద గొడవ నడిచింది. స్ఫటికానికి ఉన్నవి కొద్దిపాటి నిర్దిష్టమైన ఊపులేనని రామన్ పట్టు. పూర్తిగా అడుగు కలిపిన ఊపు నుంచి పక్కపక్క తునకలు పూర్తిగా ఎదురు తిరిగే ఊపు దాకా, మధ్యలో లెక్కలేనన్ని తరంగాలు ఎడతెగకుండా ఉంటాయని బోర్న్ వాదం. మన కాలవరేవులో వరసగా తాళ్ళతో కట్టిన పడవలు చూసినవాళ్ళకి బోర్న్ మాట తేలిగ్గా అర్థమవుతుంది. లాంచీ వెళ్ళిపోయాక అలలు వచ్చి తగిలితే పడవలు ఒక్కోసారి అన్నీ కలిసి లేస్తాయి, ఒక్కోసారి ఒక అల పాకినట్టు ఈ చివరినుంచి ఆ చివరికి లేస్తాయి. తర్వాత న్యూట్రాన్లతో చేసిన ప్రయోగాలు బోర్న్ వైపే తీర్పు చెప్పాయి. భగవంతం గారి లెక్క మాత్రం ఈ గొడవలో చెడిపోలేదు. అడుగు కలిపిన ఊపులు ఇద్దరికీ ఉన్నవే, వాటి లెక్క ఇద్దరికీ ఒకటే.

1948లో గ్రూప్ థియరీ పుస్తకం, భగవంతం, వెంకటరాయుడు ఇద్దరి పేర్లతో, ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురణగా వచ్చింది. నేను 1972లో వాల్తేరులో ఎమ్మెస్సీలో చేరినప్పుడు లైబ్రరీలో చేతికి దొరికింది ఆ పుస్తకమే. కాల్సైట్ రాత్రి అప్పటిదే. పరిశోధనకి ఉండిపొమ్మని మా ప్రొఫెసరు గారు అన్నారు. నాన్నగారికి పక్షవాతం వచ్చింది, కౌలుకిచ్చిన మూడెకరాలు తప్ప ఇంట్లో ఏమీ లేదు, ఇద్దరు చెల్లెళ్ళు. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో లెక్చరరుగా చేరాను. ఏలూరు నుంచి పాసింజరు రైల్లో రోజూ పోయి రావటం. ఎవరినీ తప్పు పట్టను. నా ఈడు వాళ్ళల్లో సగంమంది కథ ఇంతే.

భగవంతం గారి కథ ఇక్కడినుంచి వేగంగా నడుస్తుంది. నేనూ అంతే వేగంగా చెబుతాను. 1948, 49ల్లో లండన్‌లో మన దేశం తరఫున శాస్త్ర సంబంధాల అధికారి. 1949లో హైదరాబాదు ఉస్మానియాకి. 1952 నుంచి 57 దాకా అక్కడే వైస్ ఛాన్సలరు. తెలుగువాళ్ళు రెండు రాష్ట్రాల నుంచి ఒక రాష్ట్రంలోకి వచ్చిన ఏళ్ళవి. 1957లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరు. ఇరవయ్యేళ్ళ కిందట గురువు రామన్ దిగిపోయిన కుర్చీ అది. 1961 నుంచి 69 దాకా రక్షణ మంత్రి శాస్త్ర సలహాదారు, రక్షణ పరిశోధన సంస్థ అధిపతి. చైనా యుద్ధం, పాకిస్తాన్ యుద్ధం రెండూ ఆయన ఆ కుర్చీలో ఉండగానే వచ్చాయి. హైదరాబాదులో రక్షణ ప్రయోగశాలలు వేళ్ళూనింది ఆ దశాబ్దంలోనే.

ఇవన్నీ గొప్ప పదవులే. జీవితచరిత్రలు రాసేవాళ్ళు వీటికే ఎక్కువ పేజీలు ఇస్తారు. నాకు మాత్రం ఎప్పుడూ ఒక ప్రశ్న మిగిలిపోయింది. నలభయ్యేళ్ళు నిండకుండానే అంత పని చేసిన మనిషి ఫైళ్ళ వెనక్కి పోవటం లాభమా నష్టమా? స్వతంత్రం వచ్చిన కొత్తలో విశ్వవిద్యాలయాలు నడపటానికి సైన్సు తెలిసినవాళ్ళు గుప్పెడుమంది. ఆయన కాదంటే ఇంకెవరో తెలియనివాడు కూర్చునేవాడు. అది తెలిసే చెబుతున్నాను, నష్టమేనని నా అభిప్రాయం. కొత్త లెక్కలు వేసే చెయ్యి ఆ తర్వాత ఆ జోరుతో నడవలేదు.

కానీ ఆగిపోలేదు. 1966లో, అంటే మా మేష్టారు కిటికీకి తాళాలు కట్టిన ఏడాదే, స్ఫటికాల సౌష్ఠవం మీద ఆయన ఇంగ్లీషు పుస్తకం విదేశాల్లో అచ్చయింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, రక్షణ శాఖ పని మీదుండగా, ఆయన ఆ పాత పెన్సిలు లెక్కలన్నీ కూర్చి పుస్తకం చేశారు. ఎప్పుడు రాసుకున్నారో, తెల్లవారుజామునో, విమానాల్లోనో. ఈ సంగతి తెలిసిన రోజు నాకు సిగ్గేసింది.

ఎందుకంటే నేనూ తర్వాత ప్రిన్సిపాలునయ్యాను. పదకొండేళ్ళు. ఆయన కుర్చీలతో పోల్చటం కాదు, ఆ కుర్చీల కాళ్ళకి కూడా నా కుర్చీ సరిపోదు. ఆ పదకొండేళ్ళలో నేను సుద్దముక్క పట్టుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పైగా అడ్మిషన్ల ఆఫీసుకి చోటు చాలక, ఫిజిక్సు లాబ్‌లో సగం గదికి అడ్డుగోడ కట్టించి ఇచ్చేశాను. ఎవరూ నన్ను ఒత్తిడి చెయ్యలేదు. సంతకం నాదే. లోలకాలు వేలాడదీసే దూలం ఆ సగంలోనే ఉండేది.

పదవులు దిగాక భగవంతం గారు అభివృద్ధి చెందుతున్న దేశాల్లో సైన్సు ఎలా పెంచాలన్న పనుల్లో తిరిగారు. జీవితం చివరి భాగంలో పుట్టపర్తి సత్యసాయిబాబా గారి దగ్గరికి వెళ్ళేవారు, ఆయన తెలుగు ఉపన్యాసాల్ని వేదిక మీదే ఇంగ్లీషులోకి చెప్పేవారు. ఆయన సైన్సు తెలిసినవాళ్ళల్లో కొందరికి అది మింగుడుపడలేదు, కొందరికి అందులోనే ఆయన పూర్తిగా కనిపించారు. నేను ఆ తగాదాలోకి పోను. స్ఫటికం లెక్కకి అది సంబంధించిన సంగతి కాదు. 1989 ఫిబ్రవరి 6న ఆయన పోయారు.

ఇప్పుడు సైన్సులో ఈ కలిసి ఊగటం గురించి వేరే తరహా పని జరుగుతోంది. హాలండు దేశపు హైగెన్స్ 1665లో జబ్బుపడి మంచంలో ఉండగా, ఒకే దూలానికి వేలాడుతున్న రెండు గోడగడియారాల లోలకాలు వాటంతటవే ఎదురెదురు అడుగు కలిపేయటం చూశాడు. గడియారానికి లోపల తోపు ఉంది, రాపిడిలో పోయేదీ ఉంది, అందుకే అది పొరుగుదాని అడుగు అందుకుని అక్కడే ఉండిపోతుంది. మా తాళాలకి ఆ తోపు లేదు, కాబట్టి అవి ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాయి. కరెంటు గ్రిడ్డులో జనరేటర్లు, గుండెలో కణాలు, ఇవన్నీ హైగెన్స్ గడియారాల జాతి. ఊపు పెద్దదైతే సంగతే మారిపోతుంది. అదీ మేష్టారు చూపించారు. గంట కొట్టేముందు ఒక తాళాన్ని ఇంకో తాళం కిందనే వేలాడదీసి గట్టిగా ఊపారు. పైది అటు, కిందది ఇటు, గిర్రున తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. రెండుసార్లు ఒకేచోటు నుంచి వదిలినా రెండుసార్లూ ఒకేలా ఊగలేదు. దాని గురించి ఆయన ఏమీ చెప్పలేదు. గంట కొట్టేశారు, లేచిపోయాం. అది వేరే శాస్త్రం, భగవంతం గారి లెక్కకి చిక్కేది కాదు. ఆయన లెక్క చిన్న ఊపులది.

పోయిన డిసెంబరులో స్వర్ణోత్సవం ఏర్పాట్ల మీటింగు కోసం బడికి వచ్చాను. చందాల డబ్బుతో రోడ్డు మీద ఆర్చి కట్టాలని చాలామంది అన్నారు. దాని మీద మన పేర్లుంటాయట. నాకు ఆర్చి మీద కోపమేమీ లేదు. కానీ మీటింగు అయ్యాక సైన్సు గది తాళం తీయించి లోపలికి వెళ్ళాను. బల్లలు రెండు విరిగాయి, బీరువాలో గాజు సామాను మీద వేలెడు దుమ్ము. పిల్లలు ప్రయోగాలు టీవీ తెర మీద చూస్తున్నారట. ఉత్తరం వైపు కిటికీకి మాత్రం అటొక మేకూ ఇటొక మేకూ అలాగే ఉన్నాయి. తుప్పు పట్టాయి గానీ కదపబోతే కదల్లేదు.

ఆర్చికి నా వంతు చందా కార్యదర్శి గారికి ఇచ్చేశాను. అంతే మొత్తం ఇంకోటి విడిగా హెడ్మాష్టరు గారి చేతికిచ్చాను, ఆ గదికి. ఇంకెవరికైనా అలా అనిపిస్తే ఆయన్నే అడగండి, రసీదు ఇస్తారు. స్వర్ణోత్సవం రోజు పొద్దున సభ మొదలయ్యే లోపు, తొమ్మిది గంటలకల్లా నేను ఆ కిటికీ దగ్గర ఉంటాను. తొమ్మిదో తరగతి పిల్లల్ని పంపిస్తామన్నారు. తాడూ పురికొసా నేను తెస్తాను. ఒకే బరువున్న తాళాలు రెండు ఎవరైనా పట్టుకొస్తే చాలు, పాతవైనా ఫరవాలేదు.